అందులో సీఎస్ ఆడిద్దా మావా?

2007 ఎండలు ఇంకా తగ్గని రోజుల్లో తెనాలిలో మా ఇంటికి విదేశీ ముద్రలున్న కవరొకటి వచ్చింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని అరుగు మీద పడేసి పోలేదు. నాన్నని పిలిచి "మీ వాడికి ఫారిన్ నుంచి ఏదో వచ్చిందండీ, ఉద్యోగం ఆర్డరా?" అని అడిగి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి మరీ వెళ్ళాడు. లోపల ఉన్నది లైనక్స్ సీడీ, ఉబుంటు 7.04. ఆ రోజుల్లో పేరు, అడ్రసు ఇస్తే చాలు, పైసా తీసుకోకుండా ఏ దేశానికైనా పంపేవాళ్ళు. షిప్‌ఇట్ అనేవాళ్ళు ఆ ఏర్పాటుని. 2011లో ఆపేశారు. "ఎవడైనా ఊరికే ఎందుకిస్తాడ్రా? బిల్లు తర్వాత వస్తుంది చూడు" అన్నాడు నాన్న. రైస్ మిల్లులో గుమస్తాగా జీవితమంతా లెక్కలు రాసిన మనిషి, ఆయనకి ఆ అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

సీడీ పెట్టి ఆన్ చేస్తే హార్డ్ డిస్కు జోలికి పోకుండా సీడీ మీద నుంచే సిస్టమ్ అంతా నడిచింది. నాన్న కూడా కుర్చీ లాక్కుని చూశాడు. సాయంత్రానికి ఇన్‌స్టాల్ చేసేశాను. తెర వెలిగింది, మౌస్ కదిలింది, పాటల ఫోల్డర్ తెరుచుకుంది. పాట మీద నొక్కితే మాత్రం మోగలేదు. ఎంపీ3 మీద పేటెంట్లున్నాయి కాబట్టి దాన్ని విప్పే ప్రోగ్రామును సీడీలో పెట్టలేదు, నెట్ నుంచి తెచ్చుకోవాలి. (ఆ పేటెంట్ల బెడద 2017కి గానీ వదల్లేదు.) ఇంట్లో నెట్ లేదు. ఘంటసాల, ఇళయరాజా, మణిశర్మ అందరూ డిస్కులోనే ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పరు.

కావలసిన ప్యాకేజీ పేరు చీటీ మీద రాసుకుని బోసు రోడ్డులో నెట్ సెంటర్‌కి సైకిలెక్కాను. పేరు జీస్ట్రీమర్ ప్లగిన్స్ అగ్లీ. పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి నొక్కితే, దీనికి లిబ్‌మ్యాడ్ కావాలి, అది లేదు అంది. మళ్ళీ చీటీ, మళ్ళీ సైకిలు. లిబ్‌మ్యాడ్ తెస్తే ఇంకోటి అడిగింది. నెట్ సెంటర్ అన్న నా చేతిలో చీటీ లాక్కుని చదివి, "అగ్లీ ఏంది, మ్యాడ్ ఏంది తమ్ముడూ? మంచి సైట్లేనా ఇయ్యి?" అని కాసేపు నా కుర్చీ వెనకే కాపలా కాశాడు. అతని కేఫ్‌లో పిల్లలు ఏం చూస్తారో అతనికి తెలుసు కదా. పాపం, నా స్క్రీన్ మీద ఫైళ్ళ పేర్ల జాబితా తప్ప ఏమీ కనపడక నిరాశపడి వెళ్ళిపోయాడు.

చివరికి పాట మోగింది. ఆ తిరుగుడంతా చిరాకే, కాదనను. కానీ ఒక సంగతి నాకు నచ్చేసింది. ఆ కంప్యూటర్ "ఏదో పొరపాటు జరిగింది, తర్వాత ప్రయత్నించండి" అని ఎప్పుడూ అనలేదు. ఇది లేదు, దీని పేరు ఇది, ఇన్నో నంబరుది కావాలి అని వివరంగా చెప్పింది. నా ఇష్టాయిష్టాలన్నీ ఆ సైకిలు మీదే తేలిపోయాయనుకుంటాను. పాడైపోవడం పెద్ద నేరం కాదు నా దృష్టిలో. ఎక్కడ పాడైందో దాచడమే నేరం. నున్నగా మెరుస్తూ "అయ్యో, సారీ!" అని ఒక బొమ్మ చూపించి ఊరుకునే సాఫ్ట్‌వేర్ కంటే, తెర నిండా తెల్ల అక్షరాలు కక్కి, పలానా ఫైల్లో పలానా లైను దగ్గర ఆగిపోయానని ఒప్పుకునేదే నాకు మర్యాదస్తురాలిలా కనిపిస్తుంది.

గుంటూరు పక్కన ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఈ మర్యాద ఎవరికీ అక్కర్లేదు. అక్కడ లైనక్స్‌కి పరువు తెచ్చింది కాంపిజ్. కంట్రోల్, ఆల్ట్ నొక్కి బాణం మీట నొక్కితే డెస్క్‌టాప్ మొత్తం క్యూబ్ లాగా గిర్రున తిరిగేది. కిటికీని పట్టుకుని ఊపితే జెల్లీ లాగా ఊగేది. గదిలోకి వచ్చిన ప్రతివాడూ నోరు తెరిచి చూసేవాడు. చూసి, ఊపి, ఇంకోసారి ఊపి, చివరికి అదే ప్రశ్న వేసేవాడు: "బాగుంది గానీ, అందులో సీఎస్ ఆడిద్దా మావా?"

సీఎస్ అంటే కౌంటర్‌స్ట్రైక్ 1.6. రాత్రి భోజనాలయ్యాక కారిడార్లో స్విచ్ పెట్టి, కిటికీల్లోంచి కేబుళ్ళు లాగి, రెండు వింగులు డస్ట్2 అనే మ్యాప్ మీద యుద్ధానికి దిగేవి. ఎవరి దగ్గరా కొన్న కాపీ ఉండేది కాదు, ఆ సంగతి ఎవరికీ గుర్తు కూడా ఉండేది కాదు. నా కంప్యూటర్లో ఆ ఆటను వైన్ మీద నడపాలి. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములను లైనక్స్ మీద నడిపే వైన్ పని 1993లో మొదలైంది, 1.0 అని చెప్పుకోడానికి 2008 జూన్ దాకా పట్టింది. పదిహేనేళ్ళు! అంత ఓపిక ఉన్నవాళ్ళ మీద నోరు పారేసుకోబుద్ధి కాదు. కానీ ఏకే తుపాకీ పట్టుకుని మూల తిరుగుతుంటే, మౌస్ బాణం కనపడకుండా వెళ్ళి తెర అంచుకి కొట్టుకునేది. అంతే, నా తల అటువైపు ఇక తిరగదు. వెనకనుంచి పక్క వింగువాడు తీరిగ్గా వచ్చి కత్తితో పొడిచి పోయేవాడు. "మీ లైనక్స్‌కి మెడ పట్టేసిందిరా" అని నవ్వేవాళ్ళు. ఆ మౌస్ జబ్బు నా ఒక్కడిదే కాదు, అప్పట్లో వైన్ మీద ఆడేవాళ్ళందరికీ తెలిసిందే. నేను కాలేజీ దాటాక గానీ దానికి సరైన మందు పడలేదు.

పగ తీర్చుకోడానికి ఓపెన్అరీనా తెచ్చాను. క్వేక్3 ఇంజన్ కోడును ఐడీ సాఫ్ట్‌వేర్ 2005 ఆగస్టులో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద వదిలేసింది. దాని మీద కొందరు కొత్త బొమ్మలు, కొత్త శబ్దాలు పెట్టి కట్టిన ఆట అది. విండోస్‌లోనూ నడుస్తుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి గదిగదికీ తిప్పాను. మా రూమ్మేట్ ఇన్‌స్టాల్ చేసి ఫోల్డర్ అంతా వెతికాడు.

"క్రాక్ ఏదిరా?"

"అక్కర్లేదు."

"అక్కర్లేకుండా ఎట్టా ఆడిద్దిరా?" అని వాడు నిజంగానే కంగారు పడ్డాడు. క్రాక్ లేని ఆటలో వైరస్ ఉంటుందని వాడి నమ్మకం.

అయినా నాకు అసలు వ్యసనం కాల్పుల ఆటలు కాదు, వెస్నోత్. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన ది బ్యాటిల్ ఫర్ వెస్నోత్. గళ్ళ మీద సైన్యాలు నడిపే ఆట, వంతుల వారీగా సాగుతుంది. అందులో ప్రతి దెబ్బకీ తగిలే అవకాశం ఎంతో శాతంలో రాసి చూపిస్తుంది. మాయలమారి మేజ్ వేసే దెబ్బకి, ఎదుటివాడు ఎక్కడ నక్కినా సరే, 70 శాతం. మూడు దెబ్బలు వేస్తాడు. మూడూ తప్పిపోవడానికి అవకాశం 2.7 శాతం. ఆ 2.7 శాతం ఎప్పుడొస్తుందో ఆ ఆట ఆడినవాళ్ళకి తెలుసు: సరిగ్గా శత్రు నాయకుడికి ఒక్క దెబ్బ ప్రాణం మిగిలినప్పుడు. అర్ధరాత్రి హాస్టల్ గదిలో నేను బల్ల గుద్దిన శబ్దానికి రూమ్మేట్ లేచి కూచున్న సందర్భాలున్నాయి. "వీడు మోసం చేస్తున్నాడు, కంప్యూటర్‌కి పాచికలు బాగా పడేట్టు రాసుంటారు" అని నాకు గట్టి అనుమానం.

వేరే ఆటయితే ఆ అనుమానం అనుమానంగానే ఉండిపోయేది. దీని కోడు చేతిలోనే ఉంది. సెమిస్టర్ పరీక్షలకి చదవాల్సిన వారంలో కూచుని సీ++ ఫైళ్ళలో పాచికలు ఎక్కడ వేస్తున్నారో వెతికాను. దొరికింది. కంప్యూటర్ వైపుకీ నా వైపుకీ ఒకటే ఫంక్షన్, ఒకటే లెక్క. పక్షపాతం ఎక్కడా లేదు. ఓడిపోవడం మానలేదు గానీ, తిట్టాల్సింది కోడును కాదని తేలింది. ఇంకో లాభం కూడా దక్కింది. యుద్ధాల కథలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళే. ఎవరికి ఎంత బంగారం ఇవ్వాలో అందులో గోల్డ్ అని రాసి ఉంటుంది. 100ని 1000 చేసి ఒక కష్టమైన యుద్ధం గెలిచాను. ఎదురు గదివాడు "అంత సైన్యం ఎక్కడిదిరా నీకు?" అని ఫైలు తెరిచి చూసి పట్టేసుకున్నాడు. చూడగలిగే హక్కు నా ఒక్కడికే కాదు కదా.

ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక ఆటలకి టైం తగ్గింది, తంటాలు తగ్గలేదు. నిజాంపేటలో అద్దెకున్న గదిలో ఇంటి ఓనరుగారి వైఫై వాడుకోవచ్చన్నారు. నా డెస్క్‌టాప్‌కి వైఫై లేదు, యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. సీటీసీ అంటే కంప్యూటర్ కొన్న హైదరాబాదీ ఎవరికైనా తెలుసు: మెట్ల మీద కేబుళ్ళ మోపులు, గోడల నిండా బ్రాండ్ల స్టిక్కర్లు, ప్రతి కొట్టు ముందూ "ఏం కావాలి సార్, ఇటు రండి సార్" అని పిలిచే కుర్రాళ్ళు.

లైనక్స్‌లో ఇబ్బంది పెట్టని చిప్ ఏదో ముందే చదువుకుని వెళ్ళాను. ఏథెరోస్ ఏఆర్9271. దాని డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, పెడితే చాలు పనిచేస్తుంది. చిక్కేమిటంటే కంపెనీలు చిప్ పేరు పెట్టె మీద వేయవు. మోడల్ నంబరు వేస్తాయి. అదే మోడల్ నంబరుతో, అదే పెట్టెలో, అదే యాంటెన్నాతో, వెర్షన్ మారగానే లోపల వేరే చిప్ పెట్టేస్తారు. బార్‌కోడు పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో వి1 అనో వి2 అనో ఉంటుంది, అదొక్కటే ఆధారం. నేను పెట్టెలు తిరగేసి బార్‌కోడ్లు చదువుతుంటే కౌంటర్ కుర్రాడికి విసుగొచ్చింది.

"అన్నీ సేమ్ సార్."

"లైనక్స్‌లో పనిచేస్తుందా తమ్ముడూ?"

"అన్నిట్లో చేస్తది సార్. టీవీలో కూడా చేస్తది."

వి1 లేదు. లోపల గోడౌన్‌లో చూస్తానని వెళ్ళి, దుమ్ము పట్టిన పాత పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. వి1. మురిగిపోయిన సరుకు కొంటున్నానని జాలిపడి రేటు కూడా తగ్గించాడు. ఆ అడాప్టర్ ఇప్పటికీ పనిచేస్తోంది. దాని ఫర్మ్‌వేర్ కోడ్ కూడా బయటపెట్టారు. ఆ తర్వాత స్నేహితుడు ఒకడు నా మాట విని అదే మోడల్ తెచ్చుకున్నాడు, వెర్షన్ చూడకుండా. వాడి ఆదివారాలు కొన్ని డ్రైవర్ కంపైల్ చేయడంలో, కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్ళీ కంపైల్ చేయడంలో కరిగిపోయాయి. వాడు నాతో మాట్లాడ్డం మానలేదు గానీ, నా సలహాలు అడగడం మానేశాడు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ విసిగించింది ఆటలు కాదు, డ్రైవర్లు కాదు, తెలుగు. మా కాలనీ సాహిత్య సంస్థవాళ్ళు ఏటా ఉగాదికి సంచిక వేస్తారు. కంప్యూటర్ తెలిసినవాణ్ణని ప్రూఫులు నా నెత్తిన పెట్టారు. రచనలు నేను లిబ్రేఆఫీస్‌లో, యూనికోడ్‌లో పెట్టి పంపాను. ప్రెస్‌లో డీటీపీ చేసే ఆయన ఫోన్ చేశాడు.

"ఇది ఓపెన్ కావట్లేదండీ. అన్నీ డబ్బాలొస్తున్నాయి. అనులో పంపండి."

"యూనికోడ్ అండీ అది. ఏ కంప్యూటర్లోనైనా వస్తుంది."

"మా పేజ్‌మేకర్‌లో రాదు సార్. మాకు అనులోనే కావాలి."

అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో తెలుగు అచ్చు ప్రపంచం ఏళ్ళ తరబడి నడిచింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్తది లేదు, యూనికోడ్ దానికి తెలియదు. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991 నుంచే ఉంది. అను ఫైళ్ళలో ఉండేది తెలుగు అక్షరాలు కాదు, తెలుగు బొమ్మలు తొడుక్కున్న ఇంగ్లీషు గుర్తులు. ఫాంటు తీసేస్తే కథ అంతా చెత్త చెత్తగా కనిపిస్తుంది. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ప్రెస్‌కి వెళ్ళి ఎదురుగా కూచుని చూశాను కదా, కీబోర్డు వైపు చూడకుండా, కాగితం మీద నుంచి కళ్ళు తిప్పకుండా, నేను చదివే వేగంతో కొట్టేస్తున్నాడు. ఒత్తు ఎంత కిందికి దిగాలో, గుడి ఎంత పక్కకి జరగాలో ఆయన వేళ్ళకి తెలుసు. అంత విద్యను నా సిద్ధాంతం కోసం పక్కన పడేయమని ఎలా అడుగుతాను?

అయినా నా పంతం నాది. మరుసటి ఏడు సంచిక మొత్తం స్క్రైబస్‌లో నేనే పేజీలు కడతానన్నాను. ఓపెన్‌సోర్స్‌లో పేజ్‌మేకర్ చేసే పని చేసేది అదే. తెలుగు అతికించగానే ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడ్డాయి. "స్త్రీ" అన్న మాట స, త, ర లుగా విడిపోయి, మధ్యలో పొల్లులు వేలాడుతూ కనిపించింది. భారతీయ లిపుల అక్షరాలను కలిపే పని అప్పటికి దానికి రాదు. 1.5.3 వెర్షన్లో, 2017లో వచ్చింది ఆ విద్య. ఆ ఏడు మాత్రం లిబ్రేఆఫీస్ రైటర్‌లోనే రెండు కాలమ్‌లు కట్టి, బొమ్మ ఒకటి కదిపితే నాలుగు పేజీలు చెదిరిపోతుంటే మళ్ళీ సర్ది, పీడీఎఫ్ చేసి ఇచ్చాను. అచ్చు బాగానే వచ్చింది. మండలి, గిడుగు, గురజాడ, రామభద్ర వంటి ఫాంట్లు ఎవరైనా వాడుకునే లైసెన్సుతో అప్పటికే వచ్చేశాయి. శీర్షికలకి "తెనాలి రామకృష్ణ" ఫాంటు వాడాను, కారణం చెప్పక్కర్లేదనుకుంటాను. సంస్థ అధ్యక్షులు ఒక పెద్దాయన, సంచిక చేతిలోకి తీసుకుని మొదటి మాట అన్నారు: "అక్షరాలు మనవిలా లేవేమిటి నాయనా?" ఆయన కంటికి తెలుగంటే ఆ పాత ఫాంటే మరి.

తెలుగుతో కంప్యూటర్ల గొడవ మనలాంటి పిచ్చివాళ్ళకే పరిమితం అనుకునేవాణ్ణి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఆ భ్రమ పోగొట్టాయి. "జ్ఞా" అక్షరాన్ని, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేర్చి పంపితే, అందుకున్న ఫోన్లో మెసేజ్ యాప్ ఢామ్మని పడిపోయేది. మా ఆఫీసులో ఒక బెంగాలీ సహోద్యోగి నా దగ్గరికొచ్చి "ఏం భాషయ్యా మీది, ఫోన్లు చంపేస్తోంది!" అన్నాడు. కొద్ది రోజుల్లో 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. ఆ రోజుల్లో నాకు మంటెక్కిన విషయం వేరే ఉంది. తెలుగు అక్షరం చదవడం రానిది ఫోనుకైతే, వార్తల్లో నేరం మాత్రం అక్షరం మీద పడింది.

అదే ఏడాది ఆగస్టు 21న ప్రోటాన్ వచ్చింది. వైన్‌నే తీసుకుని, దానికి మరికొన్ని చేర్చి, తన ఆటల దుకాణం స్టీమ్‌లో కలిపేసింది వాల్వ్ కంపెనీ. మొదటి రోజు పనిచేస్తాయని హామీ ఇచ్చిన ఆటలు 27. అందులో కీలకమైన డీఎక్స్‌వీకే అనే ముక్కను రాసినతను ఫిలిప్ రెబోలే, తనకిష్టమైన నియర్: ఆటోమేటా అనే ఆటను లైనక్స్‌లో ఆడుకోడానికి రాసుకున్నాడు. ప్రపంచాన్ని ఉద్ధరిద్దామని కాదు, తన ఆట ఆడుకుందామని. ఇలాంటి సంగతి వింటే నాకు చాలా హాయిగా ఉంటుంది. నా మట్టుకి నేను ఆ శనివారం రాత్రి కొన్నాళ్ళుగా కొని పెట్టుకుని ఆడలేకపోయిన ఒక ఆట ఇన్‌స్టాల్ చేసి, ప్లే నొక్కి, అలవాటు కొద్దీ పక్కనే టెర్మినల్ తెరిచి పెట్టుకుని కూచున్నాను, ఏ లైన్లో చచ్చిపోతుందో చూద్దామని. చావలేదు. మొదటి పేలుడు దగ్గర ఒక్క క్షణం బిగుసుకుంది, షేడర్లు కంపైల్ అవుతున్నాయి. తర్వాత నడిచిపోయింది. తెల్లారేదాకా ఆడాను. తప్పు చెప్పమని తెరిచిన టెర్మినల్ ఊరికే అలా ఉండిపోయింది. ఏదో వెలితిగా అనిపించిందంటే నమ్మండి.

ఇప్పుడు అదే ప్రశ్న కొత్త గొంతుతో వినపడుతోంది. మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతి. సెలవులకి మా ఇంటికొస్తాడు. వాడి క్లాసంతా ఆడే షూటింగ్ ఆట ఒకటుంది, అది నా కంప్యూటర్లో నడవదు. వైన్ లోపమూ కాదు, గ్రాఫిక్స్ కార్డు లోపమూ కాదు. మోసం చేసేవాళ్ళని పట్టడానికి అది కెర్నల్ లోతుల్లోకి, అంటే కంప్యూటర్ నడిబొడ్డులోకి, తన మనిషిని పంపి కూచోబెడుతుంది. విండోస్‌లో తప్ప ఆ మనిషి కూచోడు. 2021 నుంచి కొన్ని యాంటీ-చీట్ సంస్థలు ప్రోటాన్‌కి వీలు కల్పించాయి, కానీ ఆ మీట నొక్కాల్సింది ఆట చేసినవాళ్ళు, చాలామంది నొక్కలేదు. ఇదంతా వాడికి విడమరిచి చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "అంటే ఆడదు. అంతేగా బాబాయ్?" అన్నాడు.

"నీ కంప్యూటర్లో ఎవడో కూచుని అన్నీ చూస్తుంటే నీకు పర్లేదా?"

"చూస్తే చూడనీ. నేనేం చీటింగ్ చెయ్యను కదా."

వాడికి వెస్నోత్ చూపించాను. గంట ఆడి, మేజ్ దెబ్బలు మూడూ తప్పితే కీబోర్డు నెట్టేశాడు. వంశం కదా. 2024 మార్చి 31న ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లు ఆపేస్తే, డబ్బిచ్చి కొన్నవాళ్ళు కూడా ఆడలేకపోయిన సంగతి చెప్పాను. అది మాత్రం వాణ్ణి కదిపింది. "కొన్నాక కూడానా?" అని రెండుసార్లు అడిగాడు.

అలాగని నా లైనక్స్ వాళ్ళంతా బంగారం అని చెప్పను. కొత్తగా వచ్చినవాడు డౌటు అడిగితే "మాన్యువల్ చదువుకో" అని మొహం మీద తలుపేసే పెద్దమనుషులు మా దగ్గర దండిగా ఉన్నారు. ఏ డిస్ట్రో, అంటే ఏ రకం లైనక్స్, గొప్పదన్న తగువులో జీవితాలు గడిపేవాళ్ళున్నారు. (నాది డెబియన్, ఎక్స్ఎఫ్‌సీఈ. వాదించను, ఇష్టం అంతే.) జనం అలవాటు పడ్డ డెస్క్‌టాప్‌ను ఒక్క వెర్షన్లో తలకిందులు చేసి, బాగోలేదన్నవాణ్ణి పాతకాలం మనిషి అనే రోగం కూడా ఉంది. అన్నిటికంటే పెద్ద లోపం వేరు: ప్రపంచమంతా ఆనుకుని ఉన్న ముక్కల్ని ఎక్కడో ఒక్క మనిషి, జీతం లేకుండా, రాత్రిపూట కూచుని మోస్తుంటాడు.

2024 గుడ్ ఫ్రైడే సెలవు నాడు అది ఎంత ప్రమాదమో నా ఇంట్లోనే చూశాను. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాము. దాన్ని మోస్తూ అలిసిపోయిన మనిషికి సాయం చేస్తానని ఒకరు చేరి, చాలాకాలం నమ్మకంగా పనిచేసి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ దారి పెట్టారు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఎలా? తన మెషిన్లోకి లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని చిరాకుపడ్డాడు. ఆ అర సెకను ఎక్కడ పోతోందో తవ్వుకుంటూ పోయాడు. నాది డెబియన్ టెస్టింగ్. వార్త చదివి వెర్షన్ చూస్తే 5.6.1. అన్నం ముందు కూచున్నవాణ్ణి లేచిపోయాను. అప్పటికే అప్‌డేట్ పెట్టారు, దాని నంబరు 5.6.1+రియల్లీ5.4.5 అని ఉంది. పేరుకే కొత్తది, లోపల పాతదే, నిజంగా పాతదే అని ప్యాకేజీ కట్టినవాడు అంత కంగారులోనూ విడమరిచి రాశాడు. "కంచం ముందు నుంచి లేచి ఆ నవ్వేంటి?" అంది మా ఆవిడ. వివరించడం మొదలుపెట్టాను. ఆవిడ పప్పు గిన్నె మీద మూత పెట్టి వెళ్ళిపోయింది.

అన్న కొడుకు ఈ మధ్య లువాంటీ పట్టుకున్నాడు. మైన్‌టెస్ట్ అనేవాళ్ళు, 2024లో పేరు మార్చారు. దిమ్మెలతో లోకం కట్టుకునే ఆట, దిమ్మె ఎలా ప్రవర్తించాలో లువా భాషలో మనమే రాసుకోవచ్చు. మామిడి చెట్టు కావాలని వాడే రాశాడు. కాపు కాసింది గానీ, చెట్టు ఇంటి పైకప్పు చీల్చుకుని పెరిగిపోతోంది. "సరిచెయ్యి బాబాయ్" అన్నాడు. ఫైలు తెరిచి ఎత్తు ఎక్కడ రాశావో చూసుకోమన్నాను. "మీ కంప్యూటర్లో అన్నీ మనమే చేసుకోవాలి" అని గొణుక్కుంటూ చూసుకున్నాడు. పదో తరగతి అయ్యాక వాడికి ల్యాప్‌టాప్ కొంటానని మా అన్నయ్య మాటిచ్చాడు. విండోసే కావాలట, ఆ షూటింగ్ ఆట కోసం. సరే, కొనేటప్పుడు నన్ను సీటీసీకి తీసుకెళ్ళమన్నాను, వైఫై చిప్ నేను చూస్తాను, డిస్కులో లైనక్స్‌కి 100 జీబీ వదలాలి అని షరతు పెట్టాను. వాడు 40 ఇస్తానన్నాడు. ఇప్పుడు 60 దగ్గర బేరం నడుస్తోంది.